మణికట్టు దగ్గర ఆలస్యం

మణికట్టు లోపలివైపు, అరచేయి మొదలయ్యే చోట, ఎనిమిది చిన్న ఎముకలు దోనెలా అమరి ఉంటాయి. ఆ దోనె మీద గట్టి పట్టీ ఒకటి అడ్డంగా మూత వేసినట్టు ఉంటుంది. మధ్యలో మిగిలిన ఇరుకు సందులోంచి వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు, వాటి మీదుగా మీడియన్ నరం అరచేతిలోకి దిగుతాయి. స్నాయువుల పొరలు ఉబ్బినా, ఒంట్లో నీరు చేరినా, ఎముక విరిగి వంకరగా అతుక్కున్నా ముందుగా నలిగేది నరమే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెన వేలు మాత్రం బాగానే ఉంటుంది. అర్ధరాత్రి చేయి మొద్దుబారి మెలకువ వస్తుంది, మంచం మీద కూర్చుని నాలుగుసార్లు విదిలిస్తే తగ్గుతుంది. ముదిరితే బొటనవేలి కింది కండ కరిగిపోయి, చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. దీన్నే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు.

దీన్ని నిర్ధారించడానికి డాక్టర్లు రాసే నర్వ్ కండక్షన్ పరీక్షను జనం నరాల పరీక్ష అనో, కరెంటు పరీక్ష అనో పిలుస్తారు. మణికట్టు పైన చర్మం మీంచి చిన్న షాకు ఇచ్చి, అది వేలి దగ్గరికో, బొటనవేలి కండ దగ్గరికో చేరడానికి ఎంతసేపు పట్టిందో, ఎంత బలంగా చేరిందో యంత్రం గీతగా చూపిస్తుంది. కొలత మిల్లీసెకన్లలో ఉంటుంది. రోగిని నిద్ర లేపేది తిమ్మిరి, యంత్రం పట్టేది ఆలస్యం. ఈ రెండూ తరచుగా కలిసే ఉంటాయి, కానీ ఎప్పుడూ కలిసి ఉండవు. ఈ పరీక్షను ఎంతవరకు నమ్మవచ్చన్న వాదమంతా ఆ సందులోంచి పుట్టిందే.

ఆ వాదాన్ని చేతుల పని మీద ఆధారపడిన ఒక చోటు నుంచి చూద్దాం. హైదరాబాద్‌లోని అబిడ్స్, నాంపల్లి ప్రాంతం నూరేళ్లకు పైగా చేతిరాత మీద, వేళ్ల పని మీద బతికింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిడ్ పెట్టిన దుకాణం వల్ల ఒక కూడలికి ఆ పేరు స్థిరపడింది. ఆ కూడలి దగ్గరే జనరల్ పోస్టాఫీసు వెలిసింది. ఉత్తరాలు విడదీయడం, తేదీ ముద్రలు గుద్దడం అక్కడి చేతుల పని. 1949లో మొదలైన సియాసత్ ఉర్దూ దినపత్రిక కార్యాలయం కూడా అబిడ్స్‌లోనే ఉంది. నస్తాలీఖ్ లిపి కంప్యూటర్‌కు ఎక్కేదాకా, అంటే 1980ల దాకా, ఉర్దూ పత్రికలో ప్రతి అక్షరాన్నీ కాతిబులు కలంతో రాసేవాళ్లు. ఆ తర్వాతే అది అచ్చుకెక్కేది. నాంపల్లి క్రిమినల్ కోర్టుల చుట్టూ పిటిషన్లు, అఫిడవిట్లు కొట్టే టైపిస్టులు చేరారు. గోద్రెజ్ సంస్థ 1955లో తొలి భారతీయ టైపురైటర్‌ను తెచ్చాక ఉద్యోగం కావాలనుకున్న చాలామంది కుర్రాళ్లకు టైపు లోయర్, టైపు హయ్యర్ అనే రెండు మెట్లు తప్పనిసరయ్యాయి. 1966లో అధికార భాషా చట్టం వచ్చి తెలుగు టైపుకు కూడా గిరాకీ తెచ్చింది. 2009లో గోద్రెజ్ టైపురైటర్ల తయారీ ఆగిపోయే నాటికి ఆ వేళ్లన్నీ కంప్యూటర్ కీబోర్డు మీదికి మారిపోయాయి.

ఇలాంటి చేతులకు వచ్చే బాధల గురించి రాతలు పాతవే. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీనీ వృత్తి రోగాల మీద రాసిన తన గ్రంథాన్ని 1713లో పెంచి అచ్చువేసినప్పుడు లేఖకుల చేతుల బాధను కూడా చేర్చాడు. 1830లో చార్లెస్ బెల్ రాతగాళ్ల చేయి పట్టేసే జబ్బును వర్ణించాడు. టెలిగ్రాఫు వచ్చాక 1875లో ఫ్రాన్స్‌లో ఒనిమస్ అనే వైద్యుడు తంతి గుమాస్తాల చేతుల్లో అదే తీరును గుర్తించాడు. 1908 నాటికి బ్రిటన్ దాన్ని నష్టపరిహారం ఇచ్చే వృత్తి రోగాల జాబితాలో చేర్చింది.

పరీక్ష విలువ మొదట తెలిసేది ఇక్కడే. కలం పట్టగానే వేళ్లు తమంతట తాము బిగుసుకుపోయి, కలం వదలగానే మామూలైపోతే అది మెదడు నుంచి వచ్చే ఆజ్ఞలో తేడా, నరం నలగడం కాదు. అలాంటి కాతిబు చేతికి ఎన్నిసార్లు షాకు పెట్టినా నరం చక్కగానే పలుకుతుంది. అదే మధ్యవేలు రాత్రిళ్లు మొద్దుబారుతున్న టైపిస్టు చేతిలో ఆలస్యం కనబడవచ్చు. బయటికి రెండూ 'రాసీ రాసీ చేయి పోయింది' అన్న ఒకే మాట. ఆ మాటను రెండుగా విడదీయడానికి వైద్యానికి నూరేళ్లకు పైగా పట్టింది.

ఎందుకంటే నరం నలిగే చోటు ఏదో చాలాకాలం తెలియలేదు. 1854లో లండన్ సర్జన్ జేమ్స్ పాజెట్ మణికట్టు దెబ్బతిన్న రోగిలో మీడియన్ నరం నలిగిన తీరు రాశాడు. 1880లో బోస్టన్ వైద్యుడు జేమ్స్ పుట్నమ్ రాత్రిళ్లు చేతులు తిమ్మిరెక్కే 37 మంది రోగుల గురించి రాశాడు గానీ మణికట్టు వైపు చూడలేదు. 1913లో పారిస్‌లో పియరీ మారీ, షార్ల్ ఫోయి ఒక వృద్ధ రోగి శవపరీక్షలో అసలు చోటును కళ్లారా చూశారు. పట్టీకి కాస్త పైన నరం ఉబ్బి, పట్టీ కింద సన్నబడి ఉంది. పట్టీని కోస్తే సరిపోతుందేమోనని కూడా రాశారు. ఆ మాటను అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత ముప్పై ఏళ్లపాటు చాలామంది డాక్టర్లు తప్పును మెడ దగ్గర, అదనపు పక్కటెముక దగ్గర వెతికారు. 1947లో లండన్‌లో రసెల్ బ్రెయిన్, అతని సహచరులు ఆరుగురు రోగుల కథ రాసి చూపును మళ్లీ మణికట్టు మీదికి తెచ్చారు. ఆ తర్వాత క్లీవ్‌లాండ్‌లో జార్జ్ ఫాలెన్ దీన్ని ప్రతి డాక్టరుకూ తెలిసిన జబ్బుగా చేశాడు. 1966లో అతను అచ్చువేసిన వ్యాసం 17 ఏళ్లలో చూసిన 654 చేతుల లెక్క.

యంత్రం లేని పరీక్షలు రెండు అప్పటికే వాడుకలోకి వచ్చాయి. మణికట్టును ఒక నిమిషం వంచి పెట్టి తిమ్మిరి వస్తుందేమో చూడటం ఫాలెన్ పేరు మీద నిలిచింది. నరం మీద వేలితో తట్టి, కరెంటు కొట్టినట్టు ఉందా అని అడగడం టినెల్ పేరు మీద నిలిచింది. జూల్ టినెల్ ఆ గుర్తును 1915లో రాసింది యుద్ధంలో తెగిన నరాలు తిరిగి పెరుగుతున్నాయో లేదో తెలుసుకోవడానికి. మణికట్టుకు అది అరువు తెచ్చుకున్న గుర్తు, అంతవరకే దాని బలం. రెండింటిలోనూ తీర్పు చెప్పేది రోగి నోరే. అందుకే నోటిమాట అక్కర్లేని కొలత కావాలనిపించింది.

కొలవడం మాత్రం అంతకు చాలా ముందే మొదలైంది. నరంలో వార్త ఎంత వేగంగా పోతుందో ఎన్నటికీ కొలవలేమని జర్మన్ శరీరశాస్త్రవేత్త యోహనెస్ ముల్లర్ అన్నాడు. అతని శిష్యుడే హెల్మ్‌హోల్ట్స్ 1850లో కప్ప కాలి నరం మీద దాన్ని కొలిచి చూపించాడు. సెకనుకు 30 మీటర్లకు కాస్త తక్కువ తేలింది. ముల్లర్ ఊహించుకున్న మెరుపు వేగం ముందు అది నత్తనడక. 1867లో బక్స్ట్ అనే శిష్యుడితో కలిసి అతనే మనిషి చేతి మీదికి వచ్చాడు. షాకు పెట్టింది మీడియన్ నరానికి, కదలిక చూసింది బొటనవేలి కండలో. నేటి పరీక్షలో సగం అదే. వెచ్చని చేతిలో వేగం ఎక్కువ, చల్లని చేతిలో తక్కువ అన్న సంగతి కూడా వాళ్లకే ఎదురైంది. అది ఈనాటికీ పరీక్షను తప్పుదారి పట్టిస్తూనే ఉంది.

తర్వాతి ఎనభై ఏళ్లు అది ప్రయోగశాలలోనే ఉండిపోయింది. వేలి నరంలోని సంకేతం వోల్టులో పది లక్షల వంతుల్లో లెక్క, కాబట్టి యాంప్లిఫైయర్లు, ఆసిలోస్కోపులు వచ్చేదాకా ఆగక తప్పలేదు. 1948లో అమెరికాలో హోడ్స్, లారబీ, జర్మన్ కలిసి రోగుల నరాల వేగాలు కొలిచారు. 1949లో లండన్‌లో డాసన్, స్కాట్ చర్మం మీంచే నరం సంకేతాన్ని పట్టగలిగారు. ఒకదాని మీద ఒకటి చాలా గీతలను ఒకే ఫోటోలో పడేలా చేస్తే, రొద చెదిరిపోయి అసలు గీత నిలబడింది. 1956లో జాన్ సింప్సన్ కార్పల్ టన్నెల్ రోగుల్లో మణికట్టు నుంచి బొటనవేలి కండకు వార్త ఆలస్యంగా చేరుతోందని చూపాడు. రెండేళ్ల తర్వాత రోజర్ గిలియట్, థామస్ సియర్స్ వేళ్లలోని స్పర్శ నరాలను కొలిచే పద్ధతిని స్థిరపరిచారు.   కొలతల్లో వాళ్లకు తేలిందేమిటంటే, నలుగుడు మొదలైనప్పుడు ముందు నెమ్మదించేది స్పర్శ తంతువులు. కండకు పోయే తంతువులు చెడేది తర్వాత.

కానీ తొలి పద్ధతుల్లో ఒక లోపం ఉంది. నాంపల్లి స్టేషన్‌లో ఎక్కే ఎంఎంటీఎస్ రైలుతో దాన్ని తేలిగ్గా అర్థం చేసుకోవచ్చు. నాంపల్లి నుంచి లింగంపల్లి దాకా పట్టిన మొత్తం సమయం చూస్తే, లక్డీకాపూల్, ఖైరతాబాద్ మధ్య రైలు రెండు నిమిషాలు ఆగిన సంగతి బయటపడకపోవచ్చు, మిగతా దారిలో డ్రైవరు పూడ్చుకుంటాడు. ఆ రెండు స్టేషన్ల మధ్యే గడియారం పెడితే దాగదు. నరం కూడా అంతే. మణికట్టు నుంచి వేలి కొస దాకా కొలిస్తే మంచి తంతువున్న పొడవైన దారిలో చిన్న ఆలస్యం కలిసిపోతుంది. అందుకని తర్వాతి తరం వాళ్లు మణికట్టు నుంచి అరచేయి దాకా ఉన్న ఎనిమిది సెంటీమీటర్ల ముక్కనే విడిగా కొలిచారు.

ఇంకో ఉపాయం పక్క పట్టాల మీద పోయే రైలుతో పోల్చుకోవడం. ఉంగరపు వేలికి ఒకవైపు మీడియన్ నరం, మరోవైపు టన్నెల్ బయట నుంచి వచ్చే అల్నార్ నరం స్పర్శనిస్తాయి. దూరం ఒకటే, చర్మం ఒకటే, వేడి ఒకటే. అయినా మీడియన్ వార్త 0.4 మిల్లీసెకన్ల కంటే ఎక్కువ వెనకబడితే తప్పు మణికట్టులోనే ఉన్నట్టు. ఈ పరీక్ష చరిత్రలో వచ్చిన మెరుగుదలల్లో ఈ పోలిక అన్నింటికంటే తెలివైనది, ఎందుకంటే వయసు, ఎత్తు, చలి లాంటి అడ్డంకులన్నీ రెండు నరాల మీదా ఒకేలా పడి రద్దయిపోతాయి.

పద్ధతులు పెరిగేకొద్దీ ఏది ఎంత నమ్మదగినదో తేల్చాల్సి వచ్చింది. అమెరికాలో ఈ పరీక్షలు చేసే డాక్టర్ల సంఘం 1993లో ఒకసారి, 2002లో మరోసారి అప్పటిదాకా అచ్చైన అధ్యయనాలను జల్లెడ పట్టింది. జబ్బున్నవాళ్లలో ఎందరిని పరీక్ష పట్టుకుందో ఒక లెక్క, లేనివాళ్లలో ఎందరిని వదిలేసిందో మరో లెక్క. బొటనవేలి కండకు చేరే సమయం ఒక్కటే చూస్తే పట్టుకున్నది 63 శాతం, వదిలింది 98 శాతం. మణికట్టు నుంచి వేలికి పోయే స్పర్శ వేగానికి 65, 98. ఉంగరపు వేలి పోలికకు 85, 97. అంటే జబ్బు లేనివాళ్ల మీద పరీక్ష అరుదుగా తప్పుడు ముద్ర వేస్తుంది గానీ, ఉన్నవాళ్లలో ఎంతోమందిని చేజార్చుకుంటుంది. 'రిపోర్టు నార్మల్, మీకేమీ లేదు' అన్న మాట బలహీనమైనది ఇందుకే. మొదటి పద్ధతి ఒక్కటే చేసి పంపిస్తే జబ్బున్న ముగ్గురిలో ఒకరికి పైగా నార్మల్ కాగితంతోనే ఇంటికి వెళ్తారు.

ఈ శాతాలు కూడా ఎవరి మీద వాడుతున్నామన్న దాన్నిబట్టి రూపు మారుస్తాయి. నరాల డాక్టరు గదికి తిమ్మిరితో వచ్చిన 100 మందిలో 60 మందికి నిజంగా జబ్బుందనుకుందాం. ఉంగరపు వేలి పోలిక అందులో 51 మందిని పట్టుకుంటుంది, మిగతా 40 మందిలో ఒకరిద్దరి మీద మాత్రమే అనవసరంగా ముద్ర వేస్తుంది. ఆ గదిలో పాజిటివ్ అంటే దాదాపు ఖాయం. నార్మల్ వచ్చిన 48 మందిలో మాత్రం తొమ్మిది మందికి జబ్బు ఉంటుంది. ఇప్పుడు అదే యంత్రాన్ని ఒక పెద్ద కార్యాలయానికి తీసుకెళ్లి వెయ్యి మంది ఉద్యోగుల్ని వరసగా కూర్చోబెడదాం. వాళ్లలో 30 మందికే జబ్బుంటే, పట్టుబడే అసలు రోగులు 25 లేదా 26 మంది, పొరపాటున పట్టుబడే ఆరోగ్యవంతులు 29 మంది. యంత్రం అదే, షాకు అదే, నమ్మకం సగానికి పడిపోయింది. పైగా ఒకే చేతి మీద అయిదు రకాల కొలతలు తీసి ఏ ఒక్కటి గీత దాటినా పాజిటివ్ అనేస్తే, ఒక్కోదాని పొరపాటు రెండున్నర శాతమే అయినా అన్నీ కలిపి పన్నెండు శాతం దగ్గరికి చేరవచ్చు. లారెన్స్ రాబిన్సన్ బృందం 1998లో మూడు పోలికల తేడాలను కూడి ఒకే అంకెగా చూడమన్నది ఈ చిక్కు తప్పించడానికే.

ఇంకా లోతైన చిక్కు ఒకటుంది. పరీక్ష సరైనదని తేల్చాలంటే అంతకంటే నికరమైన మరో పరీక్ష కావాలి. అది ఎక్కడా లేదు. అధ్యయనాల్లో జబ్బున్నవాళ్లుగా లెక్కేసినవాళ్లు డాక్టరు అలా అనుకున్నవాళ్లే. చాలా అధ్యయనాల్లో ఒకవైపు బాగా ముదిరిన రోగుల్ని, మరోవైపు ఏ బాధా లేని ఆరోగ్యవంతుల్ని పెట్టారు. అంత దూరంగా ఉన్న ఇద్దరిని ఏ పరీక్షైనా విడదీయగలదు. అసలు సందేహం వచ్చేది మధ్యవాళ్ల దగ్గర.

ఒక పరీక్ష తనను అడిగినదానికి సరిగ్గా జవాబిచ్చి, అడగనిదాని దగ్గర మోసం చేయడం హైదరాబాద్ వైద్య చరిత్రకు కొత్త కాదు. అబిడ్స్‌కు నడక దూరంలోని కోఠీ రెసిడెన్సీలో సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ, 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూలుకు అధిపతి కూడా. మత్తుమందు క్లోరోఫాం గుండెను ఆపదని, ఊపిరిని కనిపెట్టి చూస్తే చాలునని అతని గట్టి నమ్మకం. దాన్ని రుజువు చేయడానికి నిజాం డబ్బుతో 1888లో ఒకటి, 1889లో మరొకటి, రెండు క్లోరోఫాం కమిషన్లు నడిచాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేశారు. ఊపిరే ముందు ఆగిందని లెక్క తేల్చారు. ఆ లెక్క తప్పు కాదు. కానీ 1911లో గుడ్‌మన్ లెవీ లండన్‌లో అసలు ప్రమాదం మత్తు తేలికగా ఉన్నప్పుడు, గుండె ఉన్నట్టుండి గతి తప్పి కొట్టుకోవడంలో ఉందని చూపాడు. హైదరాబాద్‌లో ఎక్కువగా మత్తు ముదిరేదాకా ఇచ్చి చూశారు కాబట్టి అది వాళ్ల కంటబడలేదు. జంతువుల సంఖ్య ఎంత పెంచినా తప్పిన ప్రశ్న సరికాదు.

మణికట్టు పరీక్ష విషయంలో ఆ తప్పిన ప్రశ్నను దక్షిణ స్వీడన్‌లో ఇసాం అత్రోషి బృందం అడిగింది. రోగులుగా వచ్చినవాళ్లను కాకుండా ఊరి జనాన్ని పిలిచి చూశారు. 1999లో వెలువడిన ఫలితంలో చేతి తిమ్మిరి, నొప్పి ఉన్నాయని చెప్పినవాళ్లు 14 శాతానికి పైనే. డాక్టరు చూసి కార్పల్ టన్నెల్ అన్నది 3.8 శాతాన్ని. డాక్టరు, యంత్రం ఇద్దరూ ఔనన్నది 2.7 శాతాన్ని. ఇక ఏ బాధా లేదన్న 125 మందికి షాకు పెట్టి చూస్తే 23 మందిలో మీడియన్ నరం ఆలస్యంగా ఉంది, అంటే 18 శాతం. పైన చెప్పిన 97, 98 శాతాలు ఎంపిక చేసిన ఆరోగ్యవంతుల మీద వచ్చిన అంకెలని దీంతో బయటపడింది. రాత్రి హాయిగా నిద్రపోయేవాళ్ల చేతుల్లో కూడా నరం నెమ్మదించి ఉండవచ్చు.

కంప్యూటర్ల మీద పనిచేసేవాళ్ల లెక్క కూడా ఇదే తీరుగా జల్లెడైంది. 2001లో అమెరికాలోని మేయో క్లినిక్ తన సొంత ఉద్యోగుల్లో 257 మందిని అడిగితే దాదాపు 30 శాతం తిమ్మిరి ఉందన్నారు. లక్షణాలు సరిపడినవాళ్లు 27 మంది. నరాల పరీక్ష బలపరిచింది తొమ్మిది మందిని. 2003లో డెన్మార్క్‌లో దాదాపు ఏడువేల మంది ఉద్యోగులను చూసిన అధ్యయనం కీబోర్డును దోషిగా నిలబెట్టలేకపోయింది. మౌస్‌ను వారానికి 20 గంటలకు మించి వాడేవాళ్లలో మాత్రం తిమ్మిరి కొంత ఎక్కువగా కనిపించింది. టైపు వల్లే ఈ జబ్బు అన్న నమ్మకం నాంపల్లి కోర్టుల ముందు కూర్చునేవాళ్లలోనూ ఉంటుంది గానీ, లెక్కలు దానికి అంతగా తోడురావు. బలంగా, పదేపదే చేసే పని సంగతి వేరు. 1987లో బార్బరా సిల్వర్‌స్టీన్ బృందం ఏడు ఫ్యాక్టరీల్లో 652 మంది కార్మికుల్ని చూసింది. తేలిక పనివాళ్లలో 0.6 శాతం ఉన్న జబ్బు, బలమూ వేగమూ రెండూ కావలసిన పనివాళ్లలో 5.6 శాతం ఉంది. ఆ లెక్కన అబిడ్స్‌లో వేళ్లాడించే టైపిస్టు కంటే పోస్టాఫీసులో రోజంతా తేదీ ముద్ర గుద్దే చేయికే ముప్పు ఎక్కువనాలి.

పనిలోకి తీసుకునేముందే కార్మికుల నరాలు కొలిచి, ఆలస్యం ఉన్నవాళ్లను పక్కన పెడితే సరి అని కొన్ని కంపెనీలకు ఆశ పుట్టింది. మిషిగన్‌లో వెర్నర్, ఫ్రాంజ్‌బ్లౌ దాన్ని నేరుగా పరీక్షించారు. బాధ లేకుండా నరం మాత్రం ఆలస్యంగా ఉన్న కార్మికుల్ని దాదాపు ఆరేళ్లు కనిపెట్టి చూస్తే 23 శాతం మందికి లక్షణాలు వచ్చాయి, నరం బాగున్నవాళ్లలో 6 శాతానికి వచ్చాయి. ముప్పు ఎక్కువన్నది నిజమే. కానీ ఆ కాగితం చూసి ఉద్యోగం ఇవ్వకపోతే, అన్యాయమైపోయేది నలుగురిలో ముగ్గురు.

అయితే తెలంగాణలో ఈ పరీక్షకు ఇంకో పని ఉంది, దానికి ఈ శాతాలతో సంబంధం తక్కువ. తిమ్మిరి మణికట్టుదేనా, మరెక్కడిదైనా అని చెప్పడం. నాంపల్లి పక్కనే రెడ్‌హిల్స్‌లో 1953 నాటి నీలోఫర్ ఆసుపత్రి ఉంది. అక్కడికి వచ్చే నెలలు నిండే గర్భిణుల్లో ఒంటికి నీరు పట్టి వేళ్లు తిమ్మిరెక్కడం మామూలు. నరంలో ఆలస్యం కనబడినా కాన్పయ్యాక చాలావరకు సర్దుకుంటుంది కాబట్టి కత్తి పట్టడానికి తొందర అక్కర్లేదు. అదే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో కొన్ని మందులు ఎక్కించుకున్న రోగుల్లో చేతులతో పాటు కాళ్లు కూడా మొద్దుబారతాయి. మధుమేహం ఉన్నవాళ్లలో నరాలన్నీ నెమ్మదిస్తాయి. వాళ్ల మణికట్టులో కనిపించే ఆలస్యం టన్నెల్‌దా, చక్కెరదా తెలియాలంటే కాలి నరాలు, అల్నార్ నరం కూడా చూడక తప్పదు. మణికట్టు ఒక్కటే కొలిచిన రిపోర్టు అలాంటి చోట సగం కాగితమే.

కుష్ఠు సంగతి ఇంకా వేరు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ కుష్ఠు ఆసుపత్రి మొదలుపెట్టిన ప్రాంతం ఇది. కుష్ఠు అల్నార్ నరాన్ని మోచేతి దగ్గర, మీడియన్‌ను మణికట్టు పైన పట్టుకుంటుంది, నరం తాడులా ఉబ్బుతుంది. యంత్రం పెట్టేముందు మోచేతి వెనక వేలితో తడిమి చూడటం ఇక్కడి డాక్టరుకు అలవాటుగా ఉండాలి. ఇక నల్గొండ ఫ్లోరోసిస్. బావినీళ్లలోని ఫ్లోరైడ్‌తో మెడ ఎముకలు గట్టిపడి వెన్నుపామును, నరాల మొదళ్లను నొక్కే తీరును ఎ.హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. అలాంటి రోగి కూడా చేతులు తిమ్మిరంటూనే వస్తాడు. చిక్కు మెడ దగ్గరుంటే వేలి స్పర్శ గీత చాలాసార్లు బాగానే ఉంటుంది. అప్పుడు నార్మల్ రిపోర్టే డాక్టరుకు దారి చూపుతుంది. మణికట్టు కోయవలసిన అవసరం లేదని చెప్పడం కూడా పరీక్ష చేసే మేలే.

ఇంత చేసినా రిపోర్టు నిలబడేది చేసినవాళ్ల చేతి పనితనం మీద. చేయి ఒక డిగ్రీ చల్లబడితే నరం వేగం సెకనుకు రెండు మీటర్ల దాకా పడిపోతుంది. చర్మం వేడి 32 డిగ్రీల దగ్గర ఉండాలని ప్రయోగశాలల నియమం. డిసెంబర్ ఉదయం బైకు మీద వచ్చిన మనిషిని, లేదా మే నెలలోనైనా ఏసీ గదిలో అరగంట కూర్చున్నవాణ్ని అలాగే పడుకోబెట్టి కొలిస్తే, అయిదు డిగ్రీల చలి పది మీటర్ల వేగం మింగేస్తుంది. లేని జబ్బు కాగితం మీదికి వస్తుంది. యంత్రం ఎంత అవసరమో, దాని పక్కన వెచ్చని నీళ్ల బకెట్టు ఒకటి ఉండటం అంతే అవసరం. టేపుతో దూరం కొలవడంలో అర సెంటీమీటరు తేడా వచ్చినా ఎనిమిది సెంటీమీటర్ల ముక్కలో అది పెద్ద తప్పే. షాకు ఎక్కువ పెడితే పక్క నరం కూడా పలుకుతుంది. అదే మనిషికి మరో రోజు మళ్లీ చేస్తే సమయాల కొలతలు బాగానే కలుస్తాయి, గీతల ఎత్తులు మాత్రం ఊగుతాయి. పాశ్చాత్య పుస్తకాల్లోని హద్దులను ఎత్తు, వయసు, వేళ్ల లావు వేరైన జనం మీద అలాగే రుద్దకుండా, తమ దగ్గర ఆరోగ్యవంతుల్ని కొలిచి సొంత హద్దులు పెట్టుకోవడం మంచి ప్రయోగశాల లక్షణం.

1998లో అమెరికన్ నిపుణుల బృందం ఒకటి, పూర్తిగా నమ్మదగిన ఒకే పరీక్ష లేదని ఒప్పుకుని, లక్షణాలనూ నరాల కొలతనూ కలిపి చూడటమే మేలని రాసింది. 2008లో టొరంటో సర్జన్ బ్రెంట్ గ్రాహమ్ ఇంకో అడుగు వేశాడు. రోగి చెప్పేదీ, చేయి చూస్తే తెలిసేదీ ఒకే వైపు చూపిస్తున్నప్పుడు యంత్రం చేర్చేది చాలా తక్కువని లెక్కలతో చూపాడు. అంతకు ముందే అల్ట్రాసౌండ్ వచ్చింది. 1990ల మొదట్లో ఆస్ట్రియాలో బుక్‌బెర్గర్ బృందం ఒకచోట ఉబ్బి, మరోచోట చదునైన నరాన్ని తెర మీద చూపించింది. మారీ, ఫోయి శవంలో చూసిన ఉబ్బును ఇప్పుడు బతికున్న చేతిలో, షాకు లేకుండా, చదరపు మిల్లీమీటర్లలో కొలుస్తున్నారు. అది నరం రూపం చెబుతుంది, పని చెప్పదు.

తీవ్రత చెప్పడంలో మాత్రం కరెంటు పరీక్షకు సాటి లేదు. బ్రిటన్‌లో జెరెమీ బ్లాండ్ 2000లో కొలతలను సున్నా నుంచి ఆరు దాకా మెట్లుగా పేర్చాడు. మధ్య మెట్ల మీద ఉన్నవాళ్లకు ఆపరేషన్ బాగా పనిచేస్తుందని, కొలతలో ఏమీ దొరకనివాళ్లకూ, నరం పూర్తిగా మూగబోయినవాళ్లకూ ఫలితం అంత బాగుండదని తర్వాత చూపాడు. పట్టీ కోశాక తిమ్మిరి కొన్నాళ్లలోనే తగ్గిపోవచ్చు, కానీ కొలతలోని ఆలస్యం నెలల తరబడి నెమ్మదిగా తగ్గుతుంది. చాలామందిలో పూర్తిగా పాత స్థాయికి రానే రాదు. అందుకని ఆపరేషన్ తర్వాత మళ్లీ తిమ్మిరి అంటూ వచ్చిన రోగి రిపోర్టులో ఆలస్యం కనిపించగానే ఆపరేషన్ చెడిందనుకోకూడదు. ఆపరేషన్‌కు ముందు తీసిన కాగితం దగ్గరుంటే, రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి నరం మెరుగుపడిందో, ఉన్నచోటే ఉందో, ఇంకా దిగజారిందో చెప్పవచ్చు.